బ్రిటన్ రాజుకి నిజంగా అధికారం ఉందా, లేక ఉత్తి ఉత్సవ విగ్రహమేనా?

ప్రశ్న అడిగినవారు కింద ఇంకో రెండు ముక్కలు కూడా రాశారు: "రాజు తలుచుకుంటే పార్లమెంటు రద్దు చేయొచ్చట, యుద్ధం ప్రకటించొచ్చట, మరి ఎందుకు చేయడు? జనం ఇంకా ఎందుకు భరిస్తున్నారు?" అని. నేను రాజనీతి శాస్త్రం చదివినవాణ్ణి కాదు, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నా పని. కాకపోతే ఈ దేశంలో పదిహేడేళ్ళుగా ఉంటున్నాను. పైగా ఈ రాజుగారికి విధేయుడిగా ఉంటానని నలుగురిలో నిలబడి నోటితో చెప్పినవాణ్ణి. కాబట్టి నాలుగు మాటలు మాట్లాడే అర్హత ఉందనే అనుకుంటున్నాను.

ముందు ఆ ప్రమాణం కథ చెప్తాను.

2022లో పౌరసత్వానికి పెట్టుకున్నాను. ఫీజు 1,330 పౌండ్లు. అందులో 80 పౌండ్లు కేవలం ప్రమాణం చేయించినందుకు. ఎదురు కట్నం ఇచ్చి తాళి కట్టించుకున్నట్టు అన్నమాట. దానికి ముందు ఒక పరీక్ష ఉంటుంది, 45 నిమిషాల్లో 24 ప్రశ్నలు, 18 కరెక్ట్ అయితే పాస్. దానికోసం ఎనిమిదో హెన్రీ ఆరుగురు భార్యల పేర్లు వరసగా బట్టీ పట్టాను. మా మేనత్త పిల్లల పేర్లు వరసగా చెప్పమంటే ఇప్పటికీ తడబడతాను.

ఆగస్టులో ఓకే అని ఉత్తరం వచ్చింది, ప్రమాణానికి సెప్టెంబరు ఆఖరి వారంలో తేదీ ఇచ్చారు. ఈలోగా సెప్టెంబరు 8న స్కాట్లండ్‌లోని బాల్మోరల్ కోటలో ఎలిజబెత్ రాణి పోయింది. ఆ రాత్రే తెనాలి నుంచి నాన్న ఫోన్. "మీ రాణి పోయిందంటగా అబ్బాయ్. ఇంక నువ్వు ఎవరికి ప్రమాణం చేస్తావ్?" అని. నాకూ తెలీదు. కౌన్సిల్ ఆఫీసుకి ఫోన్ చేస్తే అక్కడి అమ్మాయి కూడా "మాకూ ఇదే మొదటిసారి సార్" అంది. పాపం, నిజమే. డెబ్భై ఏళ్ళలో అలాంటి అవసరం ఎవరికీ పడలేదు.

ఆ రోజు మేం ముప్పై మందిమి దాకా ఉన్నాం. పాత టౌన్‌హాల్, గోడకి చెక్క పలకలు, మధ్యలో రాణి ఫొటో. ఫొటో ఇంకా మార్చలేదు, మార్చడానికి కొత్తది రావాలిగా. నా పక్కన ఒక నైజీరియా పెద్దాయన మెరిసిపోయే తెల్లబట్టల్లో, అవతల చంకలో పిల్లాడితో ఒక పోలిష్ అమ్మాయి. ఒక్కొక్కళ్ళకీ ఒక అట్ట కార్డు ఇచ్చారు. అందులో ప్రమాణం అచ్చేసి ఉంది. "క్వీన్ ఎలిజబెత్ ది సెకండ్" అని ఉండాల్సిన చోట తెల్ల స్టిక్కర్ అంటించి, దాని మీద "కింగ్ చార్లెస్ ది థర్డ్" అని ప్రింట్ చేశారు. మన సినిమా పోస్టర్ మీద థియేటర్ పేరు మార్చి చీటీ అంటిస్తారే, అచ్చం అలాగే. నా కార్డు మీద స్టిక్కర్ కొంచెం వంకరగా పడింది. దాని పక్కనుంచి పాత అక్షరాల తోక కనపడుతోంది. నేను ఊరికే ఉండలేక గోటితో ఆ మూల గీకుతూ కూర్చున్నాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

రాజుగారి తరఫున ఒక పెద్దావిడ వచ్చింది. డెప్యూటీ లెఫ్టినెంట్ అంటారు, ప్రతి కౌంటీలోనూ రాజు ప్రతినిధి కింద పనిచేసే వాళ్ళలో ఒకరు. జీతం ఉండదు. నల్ల కోటు, దాని మీద చిన్న బ్యాడ్జ్. డెబ్భై దాటి ఉంటాయి. ముందు దేవుడి మీద ఒట్టేసేవాళ్ళు లేచారు, తర్వాత దేవుడి ఊసు లేకుండా చెప్పేవాళ్ళం లేచాం. మా నాన్న హేతువాది, ఆ మాత్రం పరువు నిలబెట్టాలిగా. "చట్టప్రకారం ఆయనకీ, ఆయన వారసులకీ, ఆయన తర్వాత వచ్చేవాళ్ళకీ నిజమైన విధేయుడిగా ఉంటాను" అని అందరం కలిసి చదివాం. అది అయ్యాక రెండో వాక్యాలు, ఈ దేశపు హక్కుల్నీ స్వేచ్ఛల్నీ గౌరవిస్తాను, ప్రజాస్వామ్య విలువల్ని నిలబెడతాను, చట్టాలకి కట్టుబడి ఉంటాను అని. వరస చూశారా? ముందు రాజు, తర్వాతే ప్రజాస్వామ్యం.

ఆఖర్న జాతీయగీతం. క్వీన్ అని ఉన్నచోట కింగ్ అని పాడండి అని రిజిస్ట్రార్ చెప్పింది. మేం కొత్తవాళ్ళం, చెప్పినట్టే పాడేశాం. ఆ పెద్దావిడే తప్పింది. "గాడ్ సేవ్ అవర్ గ్రేషియస్..." దాకా వచ్చి అలవాటుగా "క్వీ" అనేసి ఆగిపోయింది. మళ్ళీ అందుకోలేదు. పాట అయ్యేదాకా పెదవులు బిగబట్టి ఎదుటి గోడ మీదున్న ఫొటోనే చూస్తూ నిలబడింది. తర్వాత సర్టిఫికెట్ ఇస్తూ నాతో చెయ్యి కలిపినప్పుడు ఆ చెయ్యి చల్లగా ఉంది. "వెల్‌కమ్" అంది. అప్పటిదాకా ఇదంతా తమాషాగా చూస్తున్నవాణ్ణి, ఆ క్షణాన ఎందుకో గొంతు పట్టేసింది. రాణి కోసం కాదు. ఆవిడ కోసం.

ఇప్పుడు నా ఇబ్బంది ఏంటో చెప్తాను. మాది తెనాలి. 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా గొడవల్లో అక్కడ పోలీసులు కాల్పులు జరిపితే ఏడుగురు చనిపోయారు, ఆ చోటునే రణరంగ చౌక్ అంటాం. మా తాత ఆ వారంలోనే అరెస్టయి బళ్ళారి దగ్గర అలీపురం జైల్లో ఉన్నాడు. అప్పటి రాజు ఆరో జార్జి. చార్లెస్ ఆయన మనవడు. అంటే ఆ తాత పేరు మీద మా తాతని లోపలేశారు, ఆయన మనవడికి విధేయుణ్ణని మా తాత మనవణ్ణి నేను కార్డు చూసి చదివాను. నాన్నకి ఇది చెప్తే కోప్పడతాడనుకున్నా. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "జైల్లో పెట్టింది రాజు కాదురా, రాజు పేరు చెప్పి కలెక్టరు. ఆ రాజు మన ఊరి పేరు విని కూడా ఉండడు" అన్నాడు.

ఈ ప్రశ్నకి నా సమాధానం నిజానికి అదే. మిగతాదంతా దానికి వివరణ.

రాజుని ఉత్సవ విగ్రహం అని తేల్చేస్తారు కదా, ఆ పోలిక సగమే నిజం. విగ్రహం సంగతి సరే, పూజారి సంగతేంటి? దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని మన సామెత. ఇక్కడ దేవుడు నోరే తెరవడు, ఆయన పేరు మీద వరాలూ శాపాలూ అన్నీ పూజారే ఇస్తాడు. ఆ పూజారి ప్రధానమంత్రి. సైన్యాన్ని పంపడం, ఒప్పందాలు చేసుకోవడం, బిరుదులివ్వడం, పార్లమెంటు సమావేశాల్ని ఆపడం, ఇవన్నీ కాగితం మీద కిరీటం అధికారాలు. వాడేది మాత్రం మంత్రులు.

2019 తీసుకోండి. బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం, ఆ గొడవ మంచి వేడిమీద ఉంది. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటుని ఐదు వారాలు మూసేద్దామనుకున్నాడు. ఆగస్టు 28న ఆయన మంత్రి జేకబ్ రీస్-మాగ్‌తో పాటు ఇంకో ఇద్దరు ప్రివీ కౌన్సిలర్లు, అంటే రాణికి సలహా ఇచ్చే మండలి సభ్యులు, బాల్మోరల్‌కి వెళ్ళారు. ఆ సమావేశాలు నిలబడే జరుగుతాయి, కుర్చీలు వేస్తే చర్చ సాగుతుందని కాబోలు. విషయం చదివారు, రాణి సరే అంది, అయిపోయింది. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో పదకొండు మంది జడ్జీలూ ఏకగ్రీవంగా అది చట్టవిరుద్ధం అన్నారు. ఉత్త తెల్లకాగితం పట్టుకుని పార్లమెంటులోకి నడిచినట్టే అన్నారు. తొంభైమూడేళ్ళ మనిషి చేత చెల్లని కాగితానికి సరే అనిపించారన్నమాట. ఆవిడ కాదంటే? కాదనడానికి లేదు. అంటే అదే పెద్ద సంక్షోభం. ప్రశ్న అడిగినవారు "ఎందుకు చేయడు" అన్నారే, ఇందుకే చేయడు. తుపాకీ ఉంది, పేల్చడానికి ఒక్కటే గుండు, ఆ గుండు పేలితే తుపాకీ కూడా పోతుంది.

బిల్లుల సంగతి కూడా అంతే. పార్లమెంటు పాస్ చేసిన బిల్లుకి ఇక్కడ సంతకం నిరాకరించింది ఆఖరిసారి 1708లో, ఆన్ రాణి. అదీ మంత్రుల సలహా మీదే. ఈ విషయంలో మాత్రం మన గవర్నర్ల కంటే ఈ రాజులే నయం అనిపిస్తుంది. గవర్నర్ దగ్గర బిల్లులు ఆగిపోయాయని 2023లో తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకి వెళ్ళాల్సి వచ్చింది. జనం ఎన్నుకోకుండా కుర్చీలో కూర్చున్నవాళ్ళకి ఉండాల్సిన సిగ్గు వంశపారంపర్యంగా వచ్చినవాళ్ళకే ఎక్కువ ఉందంటే ఏం చెప్పాలి.

అలాగని రాజు పాపం అమాయకుడు అని రాసేవాళ్ళని చూస్తే నాకు ఇంకా చిరాకు. ఇక్కడ కింగ్స్ కన్సెంట్ అని ఒకటుంది. ఇందాకటి సంతకం వేరు, ఇది వేరు. ఆ సంతకం బిల్లు పాసయ్యాక, ఈ అంగీకారం పాసవ్వకముందు. రాజు అధికారాల్నిగానీ, సొంత ఆస్తుల్నిగానీ తాకే బిల్లయితే ముందే ప్యాలెస్‌కి పంపాలి, వాళ్ళు ఊఁ అంటేనే ముందుకి కదులుతుంది. ఎలిజబెత్ కాలంలో వెయ్యికి పైగా చట్టాలు ఇలా వెళ్ళాయని 2021లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. 1973లో కంపెనీల్లో వాటాలెవరివో బయటపెట్టే చట్టం ఒకటి వస్తుంటే, రాణి సొంత పెట్టుబడులు జనానికి తెలియకుండా ఉండేలా ఆవిడ లాయరు మంత్రుల మీద ఒత్తిడి తెచ్చాడని ఆర్కైవ్స్ కాగితాల ఆధారంగా రాశారు. ఇదంతా లాంఛనమేనని ప్యాలెస్ అంది. లాంఛనమైతే ముందే చూపించడం ఎందుకండీ? మా కౌన్సిల్ నా ఇంటి పన్ను పెంచేముందు నాకు చూపించి ఊఁ అనిపించుకుంటుందా?

ఇందులో ఇంకో తమాషా. 1999లో టామ్ డాలియల్ అనే ఎంపీ, ఇరాక్ మీద సైనిక చర్యకి పార్లమెంటు అనుమతి ఉండాలని ఒక బిల్లు పెట్టాడు. దానికి రాణి అంగీకారం దొరకలేదు, చర్చకే రాకుండా పోయింది. దొరకకుండా చూసింది రాణి కాదు, మంత్రులే. మళ్ళీ పూజారే. చూశారా, ఆస్తి దగ్గర విగ్రహం కళ్ళు తెరుస్తుంది, యుద్ధం దగ్గర మూసుకుంటుంది.

చార్లెస్ యువరాజుగా ఉన్నప్పుడు మంత్రులకి ఉత్తరాలు రాసేవాడు. సైన్యానికి హెలికాప్టర్లు సరిగా లేవని, పశువులకి టీబీ రాకుండా బ్యాడ్జర్లనే అడవి జంతువుల్ని చంపాలని, ఇలా. చేతిరాత గజిబిజిగా ఉంటుందని వాటికి నల్ల సాలీడు ఉత్తరాలని పేరు పెట్టారు. అవి బయటికి రావడానికి పత్రిక వాళ్ళకి పదేళ్ళ కోర్టు కేసు పట్టింది, 2015లో వచ్చాయి. చదివితే అందులో కుట్రేమీ లేదు, రిటైరైన మావయ్య ఎడిటరుకి రాసే ఉత్తరాల్లా ఉంటాయి. కానీ ఈలోగా ప్రభుత్వం ఏం చేసిందో తెలుసా? రాజుతోనూ, యువరాజుతోనూ జరిగే ఉత్తరప్రత్యుత్తరాలు సమాచార హక్కు కిందకే రాకుండా చట్టం మార్చేసింది. ఇకమీదట ఆ మావయ్య ఏం రాశాడో మనకి తెలీదు. ప్రతివారం ప్రధాని వెళ్ళి రాజుని కలుస్తాడు, అక్కడ ఎవరూ నోట్స్ రాసుకోరు. ఎలిజబెత్ అలా పదిహేను మంది ప్రధానుల్ని చూసింది. మొదటివాడు చర్చిల్ 1874లో పుడితే, ఆఖరావిడ లిజ్ ట్రస్ 1975లో పుట్టింది. అంతమంది చెవిలో డెబ్భై ఏళ్ళు మాట్లాడిన మనిషికి అధికారం లేదంటే మా ఇంట్లో మా నాయనమ్మకి కూడా లేనట్టే. ఆస్తి ఒక్క సెంటు కూడా ఆవిడ పేరు మీద లేదు, ఆవిడ ఊఁ అనకుండా ఒక్క సంబంధం కుదరలేదు.

ఇక పరువు సంగతి. ఎలిజబెత్ పరువంతా నోరు విప్పకపోవడంలో ఉంది. ఆవిడ దేని గురించి ఏమనుకుంటుందో ఎవరికీ తెలీదు, అందుకే ప్రతివాడూ ఆవిడ తన పక్షమే అనుకున్నాడు. 1997లో చార్లెస్ మాజీ భార్య డయానా చనిపోయినప్పుడు ఆ మౌనమే ఎదురు తిరిగింది. ప్యాలెస్ మీద జెండా సగానికి దించలేదని, రాణి లండన్ రాలేదని జనం మండిపడితే సెప్టెంబరు 5న టీవీలో మాట్లాడాల్సి వచ్చింది. జనం గట్టిగా అరిస్తే రాజులు వంగుతారని నాకు అర్థమైంది అక్కడే. చార్లెస్ తమ్ముడు ఆండ్రూ విషయంలోనూ అంతే. లైంగిక నేరాల్లో శిక్షపడ్డ అమెరికా ధనవంతుడు ఎప్‌స్టీన్‌తో స్నేహం గురించి 2019లో టీవీ ఇంటర్వ్యూ ఇచ్చి నవ్వులపాలయ్యాడు, 2022లో సైనిక హోదాలు తీసేశారు, 2025 అక్టోబరులో ప్రిన్స్ అన్న బిరుదే పోయింది. సొంత తమ్ముణ్ణి వదిలించుకోవడానికి ఆరేళ్ళు పట్టింది. న్యాయం కోసమైతే మొదటి ఏడాదే జరగాలి. నన్నడిగితే అది పరువు లెక్క, న్యాయం లెక్క కాదు.

కోహినూరు గురించి కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మన కొల్లూరు గనిలోది అంటారు కాబట్టి గుంటూరు జిల్లావాళ్ళం మాకు కొంచెం ఎక్కువ మంట. 1849లో పంజాబ్ మహారాజు, పదేళ్ళ పిల్లాడు దులీప్ సింగ్ చేత ఒప్పందం రాయించుకుని పట్టుకెళ్ళారు. 2023 మే 6న పట్టాభిషేకంలో చార్లెస్ భార్య కెమిల్లా ఆ రాయి లేని కిరీటం పెట్టుకుంది. తిరిగి ఇవ్వడం లేదు, పెట్టుకోవడమూ లేదు. దొంగసొమ్ము పెళ్ళికి వేసుకెళ్ళకుండా బీరువాలో పెట్టుకున్నట్టు. మన యూట్యూబ్ ఛానళ్ళు మాత్రం నెలకోసారి "కోహినూరు వచ్చేస్తోంది" అని థంబ్‌నెయిల్ పెడతాయి, దాన్ని మా బాబాయి నాకు ఫార్వర్డ్ చేస్తాడు.

టూరిజం వాదన ఒకటుంది, రాజుంటేనే టూరిస్టులొస్తారని. మా ఇంటికొచ్చిన ప్రతి చుట్టాన్నీ రాజుగారి విండ్సర్ కోటకి తీసుకెళ్ళింది నేనే, పార్కింగ్ కట్టిందీ నేనే. పదకొండుసార్లు. ఒక్కసారి కూడా రాజు కనపడలేదు, ఒక్క చుట్టమూ డబ్బులు వాపసు అడగలేదు. ఫ్రాన్సులో వెర్సాయ్ కోటలో రాజు లేడు, ఆయన వంశాన్ని ఎప్పుడో దించేశారు, అయినా అక్కడ లైను ఎండలో మెలికలు తిరుగుతుంది. వాళ్ళు కోట చూడ్డానికొస్తారండీ, కోటలో ఉన్నాయన పింఛను చూడ్డానికి కాదు. ఆ పింఛను, అంటే ప్రభుత్వం ఇచ్చే సావరిన్ గ్రాంట్, 2024-25 దాకా ఏడాదికి 8.63 కోట్ల పౌండ్లు, 2025-26లో 13.21 కోట్లయింది. ప్యాలెస్‌లో పాత వైర్లూ పైపులూ మార్చాలట. దీనికి డచీ ఆఫ్ లాంకాస్టర్, అంటే రాజుకి వంశపారంపర్యంగా వచ్చే భూములూ ఆస్తులూ, వాటి ఆదాయం అదనం. రాజు నుంచి రాజుకి వచ్చే ఆస్తికి వారసత్వపు పన్ను లేదు. మాకు ఉంది.

మరి జనం ఎందుకు భరిస్తున్నారు? మా వీధిలోవాళ్ళని అడిగితే "తీసేస్తే ఎవరొస్తారో" అంటారు. ఏదో ఒక మాజీ ప్రధాని అధ్యక్షుడై కూర్చుంటాడని భయం. మా అమ్మాయికి పదిహేనేళ్ళు, ఇక్కడే పుట్టింది. దాన్ని అడిగితే "హూ కేర్స్ నాన్నా" అంటుంది. సర్వేల్లోనూ ఇదే కనిపిస్తుంది, పెద్దవాళ్ళలో మద్దతు గట్టిగా ఉంది, పాతికేళ్ళ లోపువాళ్ళలో బాగా తక్కువ. రాజరికం పోతే ద్వేషంతో పోదు, ఇలా భుజాలెగరేసే పోతుందని నా నమ్మకం. పట్టాభిషేకం రోజు "నాట్ మై కింగ్" అట్టలు పట్టుకున్నవాళ్ళని పొద్దున్నే అరెస్టు చేసి తర్వాత పోలీసులు విచారం వెలిబుచ్చారు. అట్టలకి భయపడితే ఎలా, అసలు భయపడాల్సింది మా అమ్మాయి లాంటివాళ్ళకి.

సరే, ఎక్కడికో వెళ్ళిపోయాను. ప్రమాణం అయ్యాక ఇండియా పాస్‌పోర్టు రద్దు చేయించుకున్నాను. మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదుగా. నవంబరులో కొత్తది వచ్చింది. తెరవగానే మొదటి పేజీలో, ఈ మనిషిని అడ్డులేకుండా పోనివ్వండి అని "హర్ బ్రిటానిక్ మెజెస్టీ" పేరు మీద, అంటే రాణి పేరు మీద, మంత్రి కోరుతున్నట్టు అచ్చయి ఉంది. ఆవిడ పోయి అప్పటికి రెండు నెలలు దాటింది. పాత పుస్తకాల స్టాకు అయిపోయేదాకా అలాగే ఇచ్చారు, రాజు పేరుతో వచ్చినవి 2023 జులై నుంచే.

వీడియో కాల్‌లో నాన్నకి చూపించాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి, స్క్రీన్ దగ్గరికొచ్చి చదివాడు.

"చచ్చిపోయినావిడ పేరు మీద ఇచ్చారేందిరా. ఇది చెల్లుద్దా?"

"చెల్లుద్ది నాన్నా. పదేళ్ళు."